శ్రుతికటుత్వం – శ్రోతృభేదం: ధ్వనిసంవేదన గల శ్రోతల కోసం జనప్రియ గీతాల మూల్యాంకనం

వ్యాస సంగ్రహం: పదిమందికి ఆనందాన్నిచ్చే పాట ఒక శ్రోతకు శారీరకమైన బాధను కలిగించినప్పుడు, ఆ బాధకు విమర్శలో ఏ స్థానం ఉండాలన్నది ఈ వ్యాసం చర్చించే ప్రశ్న. భారతీయ అలంకారశాస్త్రంలోని శ్రుతికటు దోష చర్చను, ముఖ్యంగా అది అనిత్యదోషమన్న నిర్ణయాన్ని ఆధారంగా తీసుకుని, ఆ బాధ పాటలోని తప్పూ కాదు, శ్రోతలోని లోపమూ కాదని, ఆ రెండింటి సంబంధంలో పుట్టే దోషమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఆ ప్రతిపాదన వల్ల విమర్శకుడిపై పడే బాధ్యతలనూ, దానికి ఎదురయ్యే ఆక్షేపాలనూ పరిశీలిస్తుంది.

కీలక పదాలు: శ్రుతికటువు, అనిత్యదోషం, ప్రతిపాద్యుడు, సహృదయుడు, రసవిఘ్నం, ధ్వనిసంవేదన, జనప్రియ గీతం.

1. ప్రవేశిక

చెవులు మూసుకోవడం సాహిత్య విమర్శ పట్టించుకున్న చర్య కాదు. పాట నచ్చనివారు లేచి వెళ్తారు, విసుక్కుంటారు, నిందిస్తారు. ఇవన్నీ అభిప్రాయాలుగా చెల్లుతాయి. పెళ్లి ఊరేగింపులో పాట మొదలు కాగానే రెండు చేతులతో చెవులు మూసుకుని తల్లి వెనక్కి చేరే పిల్లవాడు చేసే పని మాత్రం ఎవరికీ అభిప్రాయంగా కనిపించదు. పెద్దలు దాన్ని భయమంటారు, మారాం అంటారు, పెరిగితే అదే అలవాటవుతుందని సర్దిచెప్పుకుంటారు. ఆ పిల్లవాడు పాటను గురించి ఏదో చెబుతున్నాడనీ, అది నిజం కావచ్చుననీ అనుకునేవారు అరుదు.

పసిపిల్లలు, పశువులు, పాములు కూడా గానరసాన్ని ఎరుగుతాయని మన పెద్దలు చెప్పే మాట ప్రసిద్ధం. పాటకు తలుపులు లేవని, విద్యతోనూ వయసుతోనూ నిమిత్తం లేకుండా అది అందరికీ అందుతుందని దాని భావం. ఈ నమ్మకంలో ఔదార్యం ఉంది. అయితే దాని నీడలో ఒక తీర్పు కూడా ఉంది. పాములు సైతం ఎరిగే రసాన్ని ఎరగని మనిషి ఎవరు? పాట వినలేనివాడు రసహీనుడన్న ముద్ర ఇక్కడే మొదలవుతుంది. ఆ ముద్ర ఎంతవరకు న్యాయమో పరిశీలించడం అవసరం.

2. ధ్వనిసంవేదన: కొన్ని భేదాలు

చర్చకు ముందు భావనలను వేరుచేసుకోవాలి. మామూలు చెవికి సుఖంగా వినిపించే స్థాయిలోని ధ్వనులే భరించలేనంత బిగ్గరగా, ఒక్కోసారి నొప్పిగా తోచడాన్ని వైద్యులు హైపరాక్యూసిస్ అంటారు. నమలడం, గుటక వేయడం, ఊపిరి తీయడం వంటి నిర్దిష్ట ధ్వనులు తీవ్రమైన కోపాన్నో ఆందోళననో రేపడం మిసోఫోనియా. ఈ పేరును 2001లో మార్గరెట్ జాస్ట్రెబాఫ్, పావెల్ జాస్ట్రెబాఫ్‌లు వాడుకలోకి తెచ్చారు. ఆటిజం ఉన్నవారిలో చాలామందికి ఇంద్రియానుభవాల తీవ్రత భిన్నంగా ఉంటుంది. 2013లో వెలువడిన అమెరికన్ మనోవైద్యుల నిర్ధారణ గ్రంథం ఐదవ కూర్పు ఈ అంశాన్ని ఆటిజం లక్షణాలలో చేర్చింది. పార్శ్వపు నొప్పి ఉన్నప్పుడు మామూలు మాట కూడా సుత్తి దెబ్బలా తోచడం చాలామందికి అనుభవంలో ఉన్నదే.

ఈ స్థితులను కలిపి ఇక్కడ 'ధ్వనిసంవేదన' అని వ్యవహరించినా, వాటి మధ్య భేదాన్ని మరవకూడదు. మొదటిదానిలో బాధకు కారణం ప్రధానంగా ధ్వని తీవ్రత. రెండవదానిలో ధ్వని ఎంత మెల్లనిదన్నది ముఖ్యం కాదు, అది ఏ ధ్వని అన్నదే ముఖ్యం. ఆటిజం ఉన్న శ్రోతలలో ఆకస్మికత, ఊహించలేకపోవడం తరచుగా బాధాకారణాలవుతాయి. కనుక 'ఈ పాట సున్నితమైన చెవులకు సరిపడుతుందా?' అన్న ప్రశ్నకు ఒకే సమాధానం ఉండదు. ఎవరి చెవులకు అన్నది ముందు అడగాలి.

ఇంతకన్నా ముఖ్యమైన భేదం మరొకటుంది. అరుచి వేరు, బాధ వేరు. అరుచి అభిరుచికి సంబంధించినది; సాధనతో, పరిచయంతో మారవచ్చు, మారాలని కోరడంలోనూ తప్పు లేదు. బాధ శరీరానికి సంబంధించినది. నచ్చని పాటను గురించి వాదించి ఒప్పించవచ్చు. నొప్పి పుట్టించే పాట విషయంలో వాదానికి తావు లేదు. అయినా నిత్యవ్యవహారంలో ఈ రెండింటినీ 'నాకు పడదు' అన్న ఒకే మాటతో చెబుతారు. విమర్శలోని గందరగోళానికి సగం కారణం ఆ మాటే.

3. శ్రుతికటువు అనిత్యదోషం

చెవికి కటువుగా తోచే శబ్దాన్ని దోషంగా గుర్తించడం మన శాస్త్రాలకు కొత్త కాదు. మమ్మటుడు కావ్యప్రకాశంలో పదదోషాలను చెబుతూ శ్రుతికటువునే మొదట పేర్కొన్నాడు. సాహిత్యదర్పణంలో ఇదే దుఃశ్రవత్వంగా కనిపిస్తుంది. 13వ శతాబ్దానికి చెందిన సంగీతరత్నాకరంలో శార్‌ఙ్గదేవుడు గాయకులలో 25 దోషాలను లెక్కించాడు. వాటిలో విరసంగా కేకవేసినట్లు పాడేవాడూ, కాకి గొంతువాడూ ఉన్నారు. తెలుగు వ్యాకరణం క చ ట త ప లను పరుషాలనీ, గ జ డ ద బ లను సరళాలనీ పిలుస్తుంది. అక్షరాల పేర్లలోనే చెవి చేసిన పరిశీలన నిక్షిప్తమై ఉంది. అయితే పరుషాక్షరం తప్పని ఏ వ్యాకర్తా అనలేదు. అది వర్ణన మాత్రమే, తీర్పు కాదు. ఈ విచక్షణ ముందు చర్చకు అక్కరకు వస్తుంది.

అలంకారికులు దోషాలను నిత్యాలు, అనిత్యాలు అని విభజించారు. వ్యాకరణ విరుద్ధమైన ప్రయోగం సాధారణంగా ఎక్కడైనా దోషమే. శ్రుతికటుత్వం అలాంటిది కాదు. శృంగారం ప్రధానమైన చోట వర్జించవలసిన కఠినవర్ణాలు రౌద్రంలో రసపోషకాలవుతాయి. శ్రుతిదుష్టం మొదలైనవి అనిత్యదోషాలని ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకంలో నిర్ణయించడం విమర్శ చరిత్రలో పెద్ద ముందడుగు. ధ్వని తనంతట తాను మంచిదీ కాదు, చెడ్డదీ కాదు. దేనికోసం వచ్చిందన్నదే దాని విలువను నిర్ణయిస్తుందని ఆ నిర్ణయం చెబుతుంది.

దోషాన్ని ఇలా సాపేక్షం చేసినా, ఆ సాపేక్షత ఎక్కువగా రసం వైపే సాగింది. వినేవాడు మాత్రం ఒకడే అన్న భావన చాలావరకు నిలిచింది. అతడే సహృదయుడు: కావ్యపరిశీలన చేత మనసు అద్దంలా నిర్మలమై, వర్ణ్యవస్తువుతో తన్మయం కాగలవాడు. అభినవగుప్తుడు ఇచ్చిన ఈ నిర్వచనంలో సాధన ఉంది, సంస్కారం ఉంది. శరీరం ప్రస్తావన లేదు. సహృదయుడికి ఒక చెవి ఉంటుందనీ, ఆ చెవి ఇతరుల చెవి వంటిదేననీ అంగీకరించినట్లే చర్చ సాగుతుంది.

4. ప్రతిపాద్యుడు: తెరచి ఉన్న ఒక తలుపు

అయినా సంప్రదాయం ఈ విషయంలో పూర్తిగా మూసుకుపోలేదు. వక్త, ప్రతిపాద్యుడు, వ్యంగ్యం, వాచ్యం, ప్రకరణం మొదలైనవాటి మహిమ వల్ల దోషం కూడా ఒక్కోచోట గుణమవుతుందని, ఒక్కోచోట గుణదోషాలు రెండూ కాదని మమ్మటుడు అంటాడు. ఇక్కడ ప్రతిపాద్యుడంటే ఎవరిని ఉద్దేశించి చెబుతున్నారో అతడు. వక్తగానీ ప్రతిపాద్యుడుగానీ వైయాకరణుడైతే కష్టమైన పదబంధం కూడా గుణమేనన్నది ఆయన చూపిన సందర్భం. ఇతరుల చెవికి కటువైనది వ్యాకరణవేత్త చెవికి రుచిస్తుంది. శ్రోతను బట్టి శబ్దం విలువ మారుతుందన్న అంగీకారం ఇందులో స్పష్టంగా ఉంది.

మమ్మటుడు ఈ సూత్రాన్ని దోషం గుణంగా మారే దిశలో చూపాడు. దానిని ఎదురుదిశలో నడిపిస్తే ఏమవుతుంది? ప్రతిపాద్యుడిని బట్టి కటువు మధురం కాగలిగితే, ప్రతిపాద్యుడిని బట్టి మధురం కటువు కావడానికీ అభ్యంతరం ఉండకూడదు.

ఇక్కడ ఒక సందేహం సహజం. వైయాకరణుడి భేదం విద్య వల్ల వచ్చినది. ధ్వనిసంవేదన గల శ్రోత భేదం దేహం వల్ల వచ్చినది. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టవచ్చునా? దీనికి సమాధానం మమ్మటుని దోషలక్షణంలోనే దొరుకుతుంది. ముఖ్యార్థానికి హాని కలిగించేది దోషమని ఆయన నిర్వచనం. ఆ ముఖ్యార్థం రసమే. రసప్రతీతి చెడిందా లేదా అన్నదే అక్కడి పరీక్ష. చెడడానికి కారణం శ్రోత చదువులో ఉందా, చెవినరాలలో ఉందా అన్న షరతు ఆ నిర్వచనంలో లేదు. కాబట్టి పాటలోని ఒక ధ్వని ఒక శ్రోతకు రసాన్ని అందకుండా చేస్తే, ఆ శ్రోత విషయంలో అది శ్రుతికటువే.

ఈ నిర్ణయం రెండు అతివాదాలను తొలగిస్తుంది. పాట చెడ్డది కనుకనే నొప్పి పుట్టిందనడానికి వీలు లేదు. అదే ధ్వని మరొకరికి గుణం కావచ్చు. శ్రోత లోపం వల్లనే నొప్పి పుట్టిందనడానికీ వీలు లేదు. దోషం సంబంధంలో ఉంది, ఒక కొసలో లేదు. సంబంధంలో ఉన్న దోషానికి ఒక పక్షాన్ని శిక్షించడం తగదు. అలాగని దానిని లేదని కొట్టివేయడమూ తగదు.

5. సగటు చెవి, మూడు పాటలు

ఆధునిక కాలం ధ్వనిని కొలవడం నేర్చుకుంది. భారతదేశంలో 2000 నాటి శబ్దకాలుష్య నియమావళి నివాస ప్రాంతాలలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్‌ల పరిమితి విధించింది. వినోదవేదికలలో పదిహేను నిమిషాల సగటు 100 డెసిబెల్‌లు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో సూచించింది. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ 2006లో వెలువరించిన ప్రమాణం ఆధారంగా ప్రసార సంస్థలూ, పాటల యాప్‌లూ ఒక పాటకూ మరో పాటకూ మధ్య బిగ్గరతనాన్ని సమం చేస్తున్నాయి. ఇవన్నీ మేలు చేసే పనులే. అయితే వీటన్నింటి వెనుకా ఉన్నది సగటు: సగటు తీవ్రత, సగటు వ్యవధి, సగటు చెవి. సగటు ఎంతమాత్రం చెప్పలేని విషయాలు ఏమిటో మూడు పాటలు చూపిస్తాయి.

క్వీన్ బృందం 1975లో వెలువరించిన 'బొహీమియన్ రాప్సొడీ' దాదాపు ఆరు నిమిషాల పాట. వాద్యాలు లేని గొంతులతో మొదలై, పియానోతో సాగే విషాదగీతంగా మారుతుంది. మూడు నిమిషాలు దాటాక నాటకీయమైన ఆపెరా ఖండం వస్తుంది. అందులో ఒంటరి గొంతు, వెంటనే మూకుమ్మడి గొంతులు, మళ్లీ నిశ్శబ్దప్రాయమైన క్షణాలు ఒకదాని వెంట ఒకటి వస్తాయి. నాలుగో నిమిషం తరువాత బరువైన గిటార్ల రాక్ ఖండం; చివరికి మళ్లీ ప్రశాంతత. ఈ పాట గొప్పతనం ఈ మలుపులలోనే ఉందని అభిమానులు అంటారు. ఆకస్మికతను భరించలేని శ్రోతకు కష్టమూ ఆ మలుపులలోనే ఉంది. సగటు బిగ్గరతనాన్ని తెలిపే ఒక అంకె ఈ మలుపుల్లో ఒక్కదానినీ చెప్పదు.

బిల్లీ ఐలిష్ 2019 నాటి తొలి పూర్తి ఆల్బమ్ దీనికి భిన్నం. అక్కడ గొంతు ఎక్కువచోట్ల గుసగుస. మైకు పెదవులకు ఆనినంత దగ్గరగా ఉన్నట్లు ఊపిరి, నాలుక కదలిక వినిపిస్తాయి. పళ్ల వరుస సరిచేసే తొడుగును నోటినుంచి తీసే చప్పుడుతోనే ఆ ఆల్బమ్ మొదలవుతుంది. డెసిబెల్‌ల లెక్కలో ఇంతకన్నా నిరపాయమైన ధ్వని ఉండదు. మిసోఫోనియా ఉన్న శ్రోతకు ఆ కొన్ని క్షణాలే దుర్భరం కావచ్చు. మెల్లనిదంతా మృదువు కాదు.

మూడవది తెలుగువారిది. కీరవాణి స్వరకల్పనలో చంద్రబోస్ రచించిన 'నాటు నాటు' 2022లో విడుదలైన చిత్రంలోది. 2023లో ఆస్కార్ అందుకుంది. ఆరు మాత్రల నడకలో దరువు ఎడతెగకుండా సాగుతుంది, పల్లవిలోని మాట ఆ దరువు మీదే పడుతుంది. తీవ్రత వల్ల బాధపడే శ్రోతకు ఇది కష్టమైన పాటే. కానీ ఊహించలేకపోవడమే బాధగా ఉన్న శ్రోతకు, ధ్వని తగ్గించి విన్నప్పుడు, తరువాతి దెబ్బ ఎక్కడ పడుతుందో ముందే తెలియడం ఊరట కాగలదు. ఒకే పాట ఒక సున్నితత్వానికి ముల్లు, మరొక సున్నితత్వానికి ఊతకర్ర.

ఈ మూడింటిని బట్టి మూల్యాంకన పద్ధతి ఎలా ఉండాలో కొంత తేలుతుంది. అది మార్కులు వేయకూడదు, వర్ణించాలి. ఏ నిమిషం వద్ద ధ్వని హఠాత్తుగా పెరుగుతుందో, ఎక్కడ ఈలలో, సైరన్‌లో, పగిలే చప్పుళ్లో వస్తాయో, నోటి చప్పుళ్లు ఎంత దగ్గరగా వినిపిస్తాయో, దరువు స్థిరంగా ఉంటుందో ఉండదో చెప్పాలి. 'సురక్షితం', 'హానికరం' అన్న ముద్రలు ఉండకూడదు. పరుషం, సరళం అన్న వ్యాకరణ సంజ్ఞలలోని నిష్పక్షపాతమే దీనికి ఆదర్శం. అన్నిటికన్నా ముఖ్యంగా, ఆ వర్ణనలో ధ్వనిసంవేదన గలవారి సాక్ష్యం ఉండాలి. నొప్పి ప్రత్యక్షప్రమాణానికి చెందినది. పొందనివారు దానిని అనుమానంతో అందుకోబోతే తరచు పొరబడతారు. మెల్లని పాటను ముందే మంచిదని తీర్మానించడం అలాంటి పొరపాటే.

6. ఆక్షేపాలు

మొదటి ఆక్షేపం చమత్కారానికి సంబంధించినది. ఎక్కడ ఏమి రాబోతున్నదో ముందే చెబితే అద్భుతం నశిస్తుందని వాదించవచ్చు. హైడన్ 94వ సింఫనీలో మెల్లని స్వరాల మధ్య హఠాత్తుగా వాద్యాలన్నీ ఒక్కసారిగా మోగుతాయి. 1792లో లండన్‌లో మొదట వినిపించిన ఆ కృతికి పేరే 'ఆశ్చర్యం' అని స్థిరపడింది. ఆ చోటును ముందే చెప్పడం కృతికి ద్రోహం కాదా? మన ప్రదర్శన సంప్రదాయం దీనికి కొంత జవాబు ఇస్తుంది. యక్షగానం చూడవచ్చిన ప్రేక్షకుడికి కథ ముగింపు ముందే తెలుసు. తెలియడం వల్ల రసం చెడలేదు. పైగా ఉలికిపాటు వేరు, విస్మయం వేరు. మొదటిది శరీరం చేసే చేష్ట, రెండవది మనసు పొందే స్థితి. ఉలికిపాటు నొప్పిగా మారిన శ్రోతకు విస్మయం దాకా చేరే దారి లేదు. అయినా కొంత నష్టం ఉన్నదని ఒప్పుకోవాలి: తొలిసారి వినడంలోని అజ్ఞానం తిరిగి రాదు. అందుకే ఈ వర్ణన కోరినవారికి అందుబాటులో ఉండాలి తప్ప అందరి ముందూ పరచనక్కరలేదు.

రెండవ ఆక్షేపం సృజనస్వేచ్ఛకు సంబంధించినది. ఇలాంటి మూల్యాంకనాలు పెరిగితే స్వరకర్తలు భయపడి అన్ని పాటలనూ చదును చేస్తారన్నది దాని సారం. దోషం సంబంధంలో ఉందన్న నిర్ణయం ఇక్కడ స్వరకర్తకు రక్షణ. పాటను మార్చమని కోరే హక్కు ఆ నిర్ణయం నుంచి రాదు. పాటను గురించి తెలుసుకునే హక్కు మాత్రమే వస్తుంది. 2011లో న్యూయార్క్‌లో 'ది లయన్ కింగ్' నాటకాన్ని ఆటిజం ఉన్న ప్రేక్షకుల కోసం ప్రత్యేకంగా ప్రదర్శించినప్పుడు ధ్వనినీ వెలుగునూ కొన్నిచోట్ల తగ్గించారు. ఇతర రోజుల ప్రదర్శన యథాతథంగానే సాగింది.

అయితే ఎంచుకుని వినడం వేరు, తప్పించుకోలేక వినడం వేరు. ఇంట్లో వినేవాడు పాటను ఆపగలడు. బస్సులో, బడి వార్షికోత్సవంలో, ఊరేగింపు సాగే ఇరుకు వీధిలో ఉన్నవాడు ఆపలేడు. అక్కడ వర్ణన చాలదు, ధ్వని తగ్గించవలసిందే. మాట్లాడే స్వేచ్ఛ ఉన్నంత మాత్రాన ఇష్టం లేనివారి చెవుల్లోకి లౌడ్‌స్పీకర్ ధ్వనిని చొప్పించే హక్కు ఎవరికీ రాదని సుప్రీంకోర్టు 2005లో స్పష్టం చేసింది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఆటిజాన్ని గుర్తించిన వైకల్యాలలో చేర్చడమే కాక, సాంస్కృతిక జీవితంలో ఇతరులతో సమానంగా పాల్గొనే హక్కును కాపాడమంటుంది. మొదటిది ధ్వని నుంచి తప్పించుకునే హక్కు, రెండవది పాటలో పాలుపంచుకునే హక్కు. చెవులు మూసుకున్న పిల్లవాడికి ఈ రెండూ కావాలి.

7. డప్పు: మూల్యాంకనానికి కఠినపరీక్ష

మూడవ ఆక్షేపం అన్నిటికన్నా బరువైనది. ఏది నాదం, ఏది రొద అన్న తీర్పును మన సమాజంలో చెవి ఒక్కటే ఇవ్వలేదు. నిప్పుసెగకు కాచి, చిర్రతోనూ చిటికెన పుల్లతోనూ వాయించే డప్పు శతాబ్దాలుగా ఊళ్లో ప్రతి పనికీ అవసరమైనా, దానిని వాయించినవారు ఊరి బయటే ఉండవలసి వచ్చింది. డప్పును మోతగానూ, మరొక వాద్యాన్ని మంగళధ్వనిగానూ విన్నది కులం నేర్పిన చెవి. దళిత సాహిత్యం, తెలంగాణ పాట ఆ వినికిడిని ప్రశ్నించి, డప్పును ఆత్మగౌరవ చిహ్నంగా నిలిపాయి. ఇటువంటి చరిత్ర ఉన్నచోట 'సున్నితమైన చెవులు' అన్న మాట పాత అసహ్యానికి కొత్త ముసుగు కాగలదన్న భయం నిరాధారమైనది కాదు.

దీనికి సులభమైన పరీక్ష ఒకటి తోస్తుంది. డప్పు బాధిస్తున్నదన్నవారిని అంతే తీవ్రతతో మోగే డోలు, సన్నాయి కూడా బాధిస్తాయా అని అడగడం. రెండూ బాధిస్తే అది చెవి బాధ. ఒకటే బాధిస్తే అది కులం బాధ. కానీ ఈ పరీక్ష వ్యక్తుల విషయంలో నిలవదు. ధ్వనిసంవేదనలో కొన్ని రకాలు నిర్దిష్ట ధ్వనులకే పరిమితమని ముందే చూశాం. ఒక వాద్యమే ఒకరిని నిజంగా బాధించవచ్చు. ఆ వ్యక్తి దళితుడే కావచ్చు. బాధను ఋజువు చేసుకోమని బాధపడేవాడిని నిలదీయడం మరో అన్యాయం.

కనుక ఆ పరీక్షను వ్యక్తులకు కాక వ్యవస్థలకు పెట్టాలి. ఒక పాఠశాల, ఒక పోలీసు ఠాణా, ఒక అపార్టుమెంటు సంఘం ధ్వనిని నియంత్రించదలచినప్పుడు, ఆ నియమం అన్ని వాద్యాలకూ, అన్ని మతాల లౌడ్‌స్పీకర్లకూ, అన్ని కులాల ఊరేగింపులకూ ఒకేలా వర్తిస్తున్నదా అని చూడాలి. వ్యక్తి సాక్ష్యాన్ని నమ్మడం, సంస్థ నిర్ణయాన్ని శంకించడం ఇక్కడ పరస్పరవిరుద్ధాలు కావు. బాధ చెప్పుకునే మనిషికి అధికారం లేదు; నిషేధించే సంస్థకు ఉంది.

8. రసవిఘ్నం – సహృదయీకరణం

ఇప్పుడు రసహీనుడన్న తొలి ముద్ర దగ్గరికి తిరిగి రావచ్చు. అభినవభారతిలో చెప్పిన ఏడు రసవిఘ్నాలలో ఒకటి, ప్రేక్షకుడు తన సొంత సుఖదుఃఖాలకు వశుడై ఉండడం. తన నొప్పిలో మునిగినవాడి చిత్తం మరొక వస్తువు మీద ఎలా విశ్రమిస్తుంది? ఈ విఘ్నాన్ని తొలగించడానికి అభినవగుప్తుడు చెప్పిన ఉపాయాలు వాద్యం, గానం, చిత్రమైన రంగమండపం మొదలైనవి. అందరూ అనుభవించడానికి తగిన ఈ విషయాల వల్ల హృదయం లేనివాడు కూడా నిర్మలహృదయుడై సహృదయుడుగా చేయబడతాడని ఆయన అభిప్రాయం.

ధ్వనిసంవేదన గల శ్రోత పరిస్థితిలోని విషాదం ఇక్కడ పూర్తిగా కనిపిస్తుంది. ఇతరులను తమ నొప్పి నుంచి బయటికి తెచ్చే గానమే అతడిని తన నొప్పిలోకి నెడుతుంది. మందే విఘ్నమవుతుంది. అయితే అదే వాక్యంలో మరొక సత్యం కూడా ఉంది. సహృదయుడు పుట్టుకతోనే సిద్ధంగా ఉండడు, అతడిని కళ తయారుచేస్తుంది. ప్రేక్షకుడి విఘ్నాలను తొలగించే పని ప్రేక్షకుడిదే అని అభినవగుప్తుడు వదిలివేయలేదు. రంగస్థలం ఆ పనిని తన మీద వేసుకుంది. అందరికీ అనుభవయోగ్యం కావాలన్న లక్షణాన్ని ఆ ఉపాయాలకే పెట్టాడు. ఆ లక్షణం ఒక శ్రోత విషయంలో విఫలమైతే వెదకవలసింది మరో ఉపాయాన్ని: తగ్గించిన ధ్వని, ముందుగా తెలిసిన మలుపు, కాసేపు బయటికి వెళ్లి తిరిగి రాగల తలుపు. శ్రోత హృదయాన్ని శంకించడానికి ఆ వాక్యంలో ఆధారం లేదు.

9. ఉపసంహారం

శ్రుతికటుత్వం అనిత్యదోషమన్న ప్రాచీన నిర్ణయాన్ని రసం వైపు నుంచి శ్రోత వైపుకు విస్తరిస్తే, జనప్రియ గీతాల మూల్యాంకనం గుణనిర్ణయానికి పోటీ కాదని, దానికి తోడుగా నిలిచే వేరొక పని అని తేలుతుంది. పాట గొప్పదా కాదా అన్నది ఒక ప్రశ్న. ఈ పాట ఫలానా శ్రోతకు ఎలా అందుతుందన్నది మరొకటి. రెండవదానికి నిజాయితీగా జవాబు చెప్పడం వల్ల మొదటిదానికి ఏ నష్టమూ లేదు. వర్ణన మార్కుగా దిగజారకూడదు, వ్యక్తి సాక్ష్యాన్ని నమ్మాలి, నియంత్రించే సంస్థల నిష్పక్షపాతాన్ని మాత్రం ప్రతిసారీ పరీక్షించాలి.

ఊరేగింపులో చెవులు మూసుకున్న పిల్లవాడు పాటను ద్వేషించనక్కరలేదు. ఊరేగింపు దూరమై ధ్వని పలచబడ్డాక అదే పల్లవిని తనలో తాను పాడుకునే పిల్లలూ ఉంటారు. వారికి కావలసింది పాట లేని లోకం కాదు, పాటకూ తమకూ మధ్య కొంత దూరం. ఆ దూరాన్ని కొలిచి చెప్పడం కూడా విమర్శ పనుల్లో ఒకటి.